మార్విన్ గే: టేపు మీద పాట, కాగితం మీద హక్కు

క్లుప్తంగా

అమెరికన్ సోల్ గాయకుడు మార్విన్ గే చనిపోయి నాలుగు దశాబ్దాలు దాటింది. ఆయన పాటల మీద నడిచిన రెండు పెద్ద కాపీరైట్ వ్యాజ్యాలు మాత్రం ఈమధ్యే ముగిశాయి. ఒకదాంట్లో ఆయన పిల్లలు గెలిచారు. రెండోదాంట్లో పాట కాపీ కాదని తేలింది. ఈ తేడా అర్థం కావాలంటే ఆయన పాట కట్టిన తీరు చూడాలి. గే పాటలు స్టూడియోలో, టేపు మీద, గొంతు మీద గొంతు పేర్చుకుంటూ తయారయ్యాయి. ఆ కాలపు చట్టం కాపాడింది మాత్రం కాపీరైట్ ఆఫీసులో దాఖలైన నోటేషన్ (స్వరాల రాత) కాగితాన్ని.

ఒకరి పాటలే, రెండు తీర్పులు

2015 మార్చి 10న లాస్ ఏంజెలెస్‌లో జ్యూరీ ఒక తీర్పు చెప్పింది. రాబిన్ థిక్, ఫారెల్ విలియమ్స్ 2013లో చేసిన ‘బ్లర్డ్ లైన్స్’ పాట, గే 1977లో చేసిన ‘గాట్ టు గివ్ ఇట్ అప్’ హక్కులకు భంగం కలిగించిందని, సుమారు 74 లక్షల డాలర్లు కట్టాలని. జడ్జి ఆ మొత్తాన్ని 53 లక్షలకు తగ్గించి, ఇక ముందు ఆ పాటకు వచ్చే రచనా రాయల్టీలో సగం గే కుటుంబానికి ఇవ్వాలన్నాడు.

2023 మే 4న న్యూయార్క్‌లో ఇంకో జ్యూరీ కూర్చుంది. ఎడ్ షీరన్ ‘థింకింగ్ అవుట్ లౌడ్’ పాటను గే 1973 నాటి ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’ నుంచి ఎత్తాడా అన్నది ప్రశ్న. లేదని తేల్చారు.

రెండు జంటల్నీ పక్కపక్కన పెట్టి వింటే సందేహం ఇంకా పెరుగుతుంది. మొదటి జంటలో బాణీ వేరు, పదాలు వేరు, కార్డుల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల) వరస వేరు. కలిసేది నడకలో, గంటల మోతలో, వెనక వినిపించే విందు సందడిలో. రెండో జంటలో కార్డుల వరస దాదాపు ఒకటే. ఒకదాని మీద రెండోది హాయిగా పాడుకోవచ్చు. షీరన్ తన కచేరీలో అలా కలిపి పాడిన వీడియోను కోర్టులో సాక్ష్యంగా చూపించారు కూడా. చెవికి దగ్గరగా ఉన్న జంట గెలవలేదు, దూరంగా ఉన్న జంట గెలిచింది. ఎందుకిలా అయిందో తెలియాలంటే 1960ల డెట్రాయిట్ దాకా వెనక్కి వెళ్లాలి.

చర్చి నుంచి డ్రమ్ముల దాకా

మార్విన్ పెంట్జ్ గే జూనియర్ 1939 ఏప్రిల్ 2న వాషింగ్టన్ డి.సి.లో పుట్టాడు. తండ్రి చిన్న పెంతెకొస్తు శాఖలో బోధకుడు, ఇంట్లో కొరడా మనిషి. పిల్లవాడు చర్చిలో పాడాడు, పియానో, డ్రమ్ములు చేతికందిన మేరకు నేర్చుకున్నాడు. 17వ ఏట వైమానిక దళంలో చేరి, క్రమశిక్షణ పడక మరుసటి ఏడాదే బయటికొచ్చాడు. నలుగురు కుర్రాళ్లతో కట్టిన బృందాన్ని హార్వే ఫుక్వా తన మూన్‌గ్లోస్ బృందంలోకి తీసుకున్నాడు. ఫుక్వా వెంట 1960లో డెట్రాయిట్ చేరాడు. ఇంటిపేరు చివర ఇంగ్లిషులో ఒక అక్షరం అదనంగా చేర్చుకున్నది ఈ రోజుల్లోనే.

మోటౌన్ అనే రికార్డు కంపెనీలో ఆయన మొదటి పని పాడటం కాదు, డ్రమ్ములు వాయించడం. మార్వెలెట్స్ బృందం 1961లో చేసిన ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్’లో వినిపించే డ్రమ్ములు ఆయనవే. ఈ సంగతి తర్వాతి కథకు ముఖ్యం. గే పాటల్లో గొంతు తాళానికి సరిగ్గా మీద పడదు. ఒక్క పిసరు వెనక నుంచో ముందు నుంచో జారుతుంది. తాళం ఎక్కడుందో చేతికి తెలిసినవాడే అంత ధైర్యంగా దాన్ని తప్పుకోగలడు.

ఆయనకు మాత్రం సూటు వేసుకుని జాజ్ పాటలు పాడాలని ఉండేది. 1961లో అలాంటి ఆల్బమ్ చేశాడు, అమ్ముడుపోలేదు. ఇవాళ వింటే అంత చెడ్డగా ఏమీ లేదు, గొంతు ఇంకా ఎవరిదో అన్నట్టు ఉంటుందంతే. 1962లో ‘స్టబర్న్ కైండ్ ఆఫ్ ఫెలో’తో మొదటి హిట్ వచ్చింది. 1963లో కంపెనీ యజమాని బెర్రీ గోర్డీ అక్క అన్నాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఆయనకంటే 17 ఏళ్లు పెద్ద. దీంతో కంపెనీతో గొడవ వస్తే అది ఇంటిగొడవ కూడా అయ్యే పరిస్థితి ఏర్పడింది.

పాటల కార్ఖానా ఎలా నడిచింది

గోర్డీ కొంతకాలం లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పనిచేశాడు. 1959లో కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని కంపెనీ పెట్టాడు. వెస్ట్ గ్రాండ్ బుళవార్డ్‌లో 2648 నంబరు ఇల్లు కొని కింద స్టూడియో కట్టాడు. కార్ల లైను పద్ధతినే పాటకు పెట్టాడు. రాసేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు. శుక్రవారం మీటింగులో కొత్త పాటలు వినిపిస్తే, విడుదలకు పనికొస్తాయా లేదా అని ఓట్లు వేసేవారు.

వాద్యకారులు ‘ఫంక్ బ్రదర్స్’ అనే స్థిరమైన బృందం. రికార్డు అట్ట మీద వాళ్ల పేర్లు ఉండేవి కావు. వాళ్లలో జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్ ఇవాళ్టికీ పాఠంగా చెప్పుకునేది. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. చుట్టు నున్నగా ఉండే లావుపాటి తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. పాతబడిన తీగలో పైస్వరాల మెరుపు చచ్చిపోయి, మద్దెల మీద గుమికి లాంటి మొద్దు నాదం మిగులుతుంది. పాటంతా తిరుగుళ్లు వేసినా గాయకుడికి అడ్డం రాకపోవడానికి అదో కారణం.

ఇక డబ్బు దారి. అమెరికాలో పాటకు రెండు హక్కులు. ఒకటి రచన మీద, అంటే బాణీ, పదాల మీద. రెండోది రికార్డింగ్ మీద. రచయితకు, ప్రచురణకర్తకు కలిపి రికార్డు కంపెనీ ప్రతి కాపీకీ ఇవ్వాల్సిన రేటును చట్టమే నిర్ణయించింది: పాటకు 2 సెంట్లు. 1909లో పెట్టిన ఆ రేటు 1978 దాకా కదలలేదు. మోటౌన్‌లో ప్రచురణ సంస్థ జోబెట్, అదీ గోర్డీదే. మామూలు పద్ధతిలో 2 సెంట్లలో సగం ప్రచురణ సంస్థకు పోతే, మిగిలిన సెంటును ముగ్గురు రచయితలుంటే ముగ్గురూ పంచుకోవాలి. గాయకుడికి దక్కే రాయల్టీ ఇంకో ఖాతా. అందులోంచి స్టూడియో ఖర్చులు ముందే కోసుకునేవారు. గాయకుల మేనేజ్‌మెంట్ కూడా కంపెనీ విభాగమే చూసేది. అంటే గాయకుడి తరఫున బేరమాడేవాడు, ఎదుట కూర్చున్నవాడు ఒకే గొడుగు కింద ఉన్నారు. ఇందులో రహస్యమేమీ లేదు, ఒప్పందాల్లో రాసిందే. హిట్లు వరసగా పడుతున్నా గాయకుల చేతికి వచ్చే చెక్కు చిన్నదిగా ఉండటానికి ఇదే కారణం.

ఏ పాట బయటికి రావాలో కూడా గాయకుడి చేతిలో లేదు. ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ది గ్రేప్‌వైన్’ను నిర్మాత నార్మన్ విట్‌ఫీల్డ్ 1967 మొదట్లో గేతో పాడించాడు. గేకు హాయిగా ఉండే శ్రుతికంటే కావాలనే పైన పెట్టాడు. అందుకే గొంతు అంచున నిలబడి వణుకుతున్నట్టు ఉంటుంది. గోర్డీ విడుదల వద్దన్నాడు. అదే పాటను గ్లాడిస్ నైట్ బృందంతో వేగం పెంచి చేయిస్తే 1967లో పాప్ పాటల జాబితాలో రెండో స్థానం దాకా వెళ్లింది. గే పాడింది 1968లో ఒక ఆల్బమ్‌లో మామూలు పాటగా చేరింది. రేడియోవాళ్లు దాన్నే ఏరుకుని వెయ్యడంతో సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, తీసుకురాక తప్పలేదు. ఏడు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఓట్ల మీటింగు తప్పు చేయగలదని గేకు ఈ పాటతో ఆధారం దొరికింది.

పొరపాటున దొరికిన రెండు గొంతులు

1967 అక్టోబరులో వర్జీనియాలో ఒక కచేరీలో గేతో జంటపాటలు పాడే టామీ టెరెల్ వేదిక మీదే కుప్పకూలింది. మెదడులో కణితి. 1970 మార్చి 16న, 24 ఏళ్లకే చనిపోయింది. గే చాలాకాలం వేదిక ఎక్కలేదు. తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధం నుంచి వచ్చి అక్కడ చూసినవి చెప్పాడు.

అదే సమయంలో ఫోర్ టాప్స్ బృందంలోని ఓబీ బెన్సన్ ఒక పాట ముక్కతో తిరుగుతున్నాడు. 1969 మేలో బర్క్‌లీలో పోలీసులు యువకుల్ని కొట్టడం చూసి మొదలుపెట్టిందది. ఆల్ క్లీవ్‌లాండ్ చేయి వేశాడు. ఫోర్ టాప్స్ వద్దన్నారు. గే తీసుకుని పదాలు మార్చి, బాణీ పూర్తి చేసి, తనే నిర్మాతగా 1970 జూన్‌లో స్టూడియోకు వెళ్లాడు. ఆ పాటే ‘వాట్స్ గోయింగ్ ఆన్’.

ఈ పాట తయారైన తీరు కొంచెం ఆగి చూడాల్సింది. మొదట్లో వినిపించే సాక్సఫోన్ పలుకు రాసిపెట్టింది కాదు. ఎలై ఫోంటెయిన్ వేళ్లు సాగదీసుకోవడానికి ఊదుతుంటే టేపు తిరుగుతోంది. గే అది చాలన్నాడు. మొదట్లో పలకరింపుల సందడి చేసినవాళ్లలో ఇద్దరు ఫుట్‌బాల్ ఆటగాళ్లు, డెట్రాయిట్ లయన్స్ జట్టువాళ్లు. జేమర్సన్ ఆ రాత్రి తాగి కుర్చీలో కూర్చోలేక నేల మీద వెల్లకిలా పడుకుని వాయించాడని ఆ కథ తెలిసినవాళ్లందరూ చెబుతారు. బేస్ వింటే నమ్మడం కష్టం.

అసలు విశేషం గొంతు. గే ఒకే పాటను రెండు విధాలుగా పాడి, రెంటిలో ఏది బాగుందో పోల్చుకోవడానికి టేపు సిద్ధం చేయమన్నాడు. ఇంజనీర్ కెన్నెత్ శాండ్స్ రెండు టేకుల్నీ చెరో ట్రాకులో ఎక్కించాడు. వినిపించేటప్పుడు పొరపాటున రెండూ ఒకేసారి మోగాయి. గే దాన్ని అలాగే ఉంచమన్నాడు. ఆ రోజు నుంచి అదే ఆయన పద్ధతి అయింది.

ఒకే టేకును నకలు తీసి కలిపితే శబ్దం పెరుగుతుంది తప్ప రెండో మనిషి పుట్టడు. రెండు వేర్వేరు టేకులైతే, పదం మొదలయ్యే చోట సెకనులో కొన్ని వందల వంతుల తేడా, స్వరంలో వెంట్రుకవాసి తేడా ఉంటాయి. గొంతు ఒకరిదే కాబట్టి నాదం కలుస్తుంది, తేడాల వల్ల కదులుతుంది. ఇందులో తేలిగ్గా చెడేది హల్లుల దగ్గర. స, ట, ప లాంటివి రెండు ట్రాకుల్లో వేర్వేరు చోట పడితే చిటపటలాడినట్టు వినిపిస్తుంది. అందుకే ఇలా పాడేటప్పుడు ఒక ట్రాకులో హల్లును మెత్తగా మింగేస్తారు, అచ్చును సాగదీస్తారు. గే ఇంకో అడుగు ముందుకు వేశాడు. తన గొంతులను కలపడం చాలదన్నట్టు వాటిని మాట్లాడించాడు. మామూలు గొంతు ఒక వాక్యం అంటే, ఫాల్సెటో సన్నగొంతు జవాబిస్తుంది, వెనక గరగర గొంతు చర్చిలో భక్తుడు ఊకొట్టినట్టు ఊకొడుతుంది. చర్చిలో బోధకుడికీ జనానికీ మధ్య నడిచే సంభాషణను ఒక్కడే, టేపు మీద, ముగ్గురి వేషం కట్టి నడిపాడు.

రాజకీయం ఉన్న పాట అమ్ముడుపోదని గోర్డీ ఒప్పుకోలేదు. ఇది రాకపోతే ఇంకేమీ పాడనని గే మొండికేశాడు. 1971 జనవరిలో అమ్మకాల విభాగంవాళ్లు విడుదల చేశారు. పాప్ జాబితాలో రెండో స్థానం, ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) జాబితాలో మొదటి స్థానం. వెంటనే ఆల్బమ్ కావాలన్నారు. మార్చిలో సుమారు పది రోజుల్లో మిగతాది పూర్తయింది, మే 21న మార్కెట్‌లోకి వచ్చింది. పాటకూ పాటకూ మధ్య ఖాళీ లేకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడుస్తుంది. డేవిడ్ వాన్ డి పిట్ రాసిన వయొలిన్లు ఆ అతుకుల్ని కప్పుతాయి. మోటౌన్ ఆల్బమ్ అట్ట మీద ఫంక్ బ్రదర్స్ పేర్లు మొదటిసారి అచ్చయింది దీని మీదే. మూడు పాటలు మొదటి పదిలోకి వెళ్లాయి. 2020లో రోలింగ్ స్టోన్ పత్రిక 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో దీన్ని మొదట పెట్టింది.

దీని తక్షణ ఫలితం కంపెనీ లోపల కనిపించింది. గాయకుడే నిర్మాత కావచ్చని తేలింది. స్టీవీ వండర్ 21 ఏళ్లు నిండగానే తన ఒప్పందాన్ని తిరగరాయించుకుని, సొంతంగా ఆల్బమ్‌లు చేసుకునే హక్కు సంపాదించింది ఆ రోజుల్లోనే.

విడాకులకు భరణంగా ఆల్బమ్

1973లో ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’ వచ్చింది. సహరచయిత ఎడ్ టౌన్‌సెండ్ దాన్ని మొదట తాగుడు నుంచి బయటపడి మళ్లీ బతుకు మొదలుపెట్టడం గురించి అనుకున్నాడు. స్టూడియోలో అది ప్రేమపాటగా తిరిగింది. మొదటి స్థానానికి వెళ్లింది.

1977లో డిస్కో ఊపు మీద కంపెనీ ఒక నృత్యగీతం అడిగింది. గే తన లాస్ ఏంజెలెస్ స్టూడియోలో ‘గాట్ టు గివ్ ఇట్ అప్’ కట్టాడు. పూర్తి నిడివి దాదాపు 12 నిమిషాలు. పాట చాలావరకు ఫాల్సెటోలో. వెనక విందులో మాటల సందడి, ఆవుగంట మోత, సగం నిండిన జ్యూసు సీసాను కొట్టి తీసిన టకటక. ఇదీ మొదటి స్థానమే. ఈ సీసా తర్వాత కోర్టు దగ్గర మళ్లీ వస్తుంది.

అదే ఏడాది అన్నాతో విడాకులు ఖాయమయ్యాయి. గే దగ్గర నగదు లేదు. లాయర్లు ఒక లెక్క వేశారు: అన్నాకు రావాల్సింది 6 లక్షల డాలర్లు. అందులో 3,05,000 తర్వాతి ఆల్బమ్ అడ్వాన్సు నుంచి, మిగతా 2,95,000 దాని రాయల్టీ నుంచి. భార్యకు పోయే డబ్బే కదా, ఏదో ఒకటి చేసి పడేద్దామని మొదలుపెట్టిన మనిషి ఆ పెళ్లి గురించే రెండు డిస్కుల ఆల్బమ్ చేశాడు. 1978 డిసెంబరులో వచ్చిన ‘హియర్, మై డియర్’ ఆనాడు పెద్దగా అమ్ముడుపోలేదు. విమర్శకులు ఆ తర్వాత నెమ్మదిగా మనసు మార్చుకున్నారు. అమ్మకాలతో తీర్చాల్సిన బాకీకి అమ్ముడుపోని సరుకు పూచీ పెట్టడం ఏ లెక్కన చూసినా చెడ్డ ఒప్పందమే.

పన్ను బాకీలు లక్షల డాలర్లకు చేరాయి. కొకైన్ ముదిరింది. హవాయి, అక్కడి నుంచి లండన్. 1981లో మోటౌన్ ఆయన ఇంకా పూర్తి చేయని ఆల్బమ్‌ను, ఆయన అనుమతి లేకుండా మిక్సింగ్ చేసి విడుదల చేసింది. ఒప్పందం ప్రకారం టేపులు కంపెనీవి. గే ఇక మోటౌన్‌కు పాడనన్నాడు.

ఆస్టెండ్‌లో ఒక పెట్టె

1981 ఫిబ్రవరిలో ఫ్రెడీ కౌసార్ట్ అనే కచేరీల నిర్వాహకుడు ఆయన్ను బెల్జియం సముద్రతీరంలోని ఆస్టెండ్‌కు తీసుకెళ్లాడు. చలి, పరుగు, చర్చి, తక్కువ జనం. సీబీఎస్ సంస్థ మోటౌన్‌తో మాట్లాడి ఒప్పందం కొనేసింది. రికార్డింగ్ ఓహాన్ అనే ఊళ్లోని కేటీ స్టూడియోలో.

డెట్రాయిట్‌లో ఉన్నట్టు పది పదిహేను మంది వాద్యకారులు అక్కడ లేరు. ఆ ఖాళీని రోలాండ్ టీఆర్-808 నింపింది. 1980లో జపాన్‌లో తయారైన ఈ తాళయంత్రంలో అసలు డ్రమ్ముల రికార్డింగ్ ఏదీ ఉండదు. ప్రతి దెబ్బనూ ఎలక్ట్రానిక్ సర్క్యూట్ అప్పటికప్పుడు పుట్టిస్తుంది. ముందుభాగంలో 16 మీటలు, ఒక్కో మీట ఒక్కో మాత్ర. దెబ్బ కావలసిన మీట నొక్కితే ఆ వరస తిరుగుతూనే ఉంటుంది. నిజమైన డ్రమ్ములా వినిపించదని చాలామంది తీసిపారేశారు. రోలాండ్ సుమారు 12,000 యంత్రాలతో 1983లో ఆపేసింది. డ్రమ్ములు వాయించి బతికిన గే దాన్ని డ్రమ్ములా వాడలేదు. తప్పని తాళాన్ని గడియారంలా కింద పరిచి, దాని మీద తన గొంతుల్ని ముందుకూ వెనక్కూ జార్చాడు. ‘సెక్సువల్ హీలింగ్’ 1982లో ఆర్ అండ్ బి జాబితాలో పది వారాలు మొదటి స్థానంలో ఉంది. 1983 ఫిబ్రవరిలో రెండు గ్రామీలు తెచ్చింది. అంతకుముందు ఆయనకు ఒక్క గ్రామీ కూడా రాలేదు. అదే నెలలో బాస్కెట్‌బాల్ ఆల్‌స్టార్ మ్యాచ్‌లో తాళయంత్రం మీద జాతీయగీతం పాడాడు.

ఆ తర్వాతి పర్యటనలో కొకైన్ మళ్లీ ఎక్కువైంది. తల్లిదండ్రుల ఇంటికి చేరాడు. 1984 ఏప్రిల్ 1న, 45వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, ఇంట్లో గొడవలో తండ్రి తుపాకీతో కాల్చాడు. ఆ తుపాకీ కొడుకు కొనిచ్చిందే. తండ్రికి ఆరేళ్ల శిక్ష పడినా దాన్ని నిలిపి, ఐదేళ్లు ప్రొబేషన్‌లో ఉంచారు.

చట్టానికి కనిపించేదేమిటి

1978కి ముందు అమెరికాలో పాట రచనకు వర్తించేది 1909 నాటి కాపీరైట్ చట్టం. ఆనాటి చట్టసభకు పాట అంటే అచ్చు కాగితం. నమోదు కావాలంటే నోటేషన్ ప్రతిని దాఖలు చేయాలి. రికార్డింగ్‌కు కేంద్ర చట్టం కింద రక్షణ మొదలైందే 1972 ఫిబ్రవరి 15 నుంచి, అదీ ఎవరైనా ఆ రికార్డింగ్‌నే నేరుగా నకలు చేస్తే. పోలిన కొత్త రికార్డింగ్ చేసుకుంటే ఆ హక్కు అడ్డురాదు.

గే నోటేషన్ రాసి పాట కట్టే మనిషి కాదు. పాట టేపు మీద పూర్తయ్యాక, ప్రచురణ సంస్థ తరఫున ఎవరో విని కాగితం మీద రాసేవారు. బాణీ, పదాలు, కార్డు గుర్తులు, ఉంటే కొంచెం బేస్. సీసా చప్పుడు, విందు సందడి, రెండో గొంతు జవాబు ఆ కాగితంలోకి రావు. ప్రచురణ సంస్థ గుమాస్తా ఎంత రాస్తే అంతే రచన.

‘బ్లర్డ్ లైన్స్’ కేసులో జడ్జి ఈ సూత్రాన్నే పాటించాడు. అసలు రికార్డును జ్యూరీకి వినిపించనివ్వలేదు. కాగితంలో ఉన్నవాటికి సరిపోయేలా కోసిన ముక్కల్ని మాత్రమే ఒప్పుకున్నాడు. అయినా గే పక్షం గెలవడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, గే పాటలాంటిదే చేద్దామనుకున్నామని థిక్ పత్రికలకు చెప్పి, తర్వాత ప్రమాణం మీద మాట మార్చాడు. జ్యూరీ దృష్టిలో నమ్మకం అక్కడే పోయింది. రెండు, గే పక్షం సంగీత నిపుణురాలు పోలికల్ని ఒక్కొక్కటిగా కాక గుంపుగా చూపించింది: ఈ పలుకు, ఈ బేస్ ముక్క, ఈ కీబోర్డు దెబ్బ, అన్నీ కలిపి. విడివిడిగా ఏదీ ఎవరి సొత్తూ కాదు, ఒకచోట చేర్చిన తీరు సొత్తు కావచ్చు. 2018 మార్చిలో అప్పీలు కోర్టు 2-1తో తీర్పును నిలిపింది. ఒక శైలికే కాపీరైట్ ఇచ్చేశారని మూడో జడ్జి జాక్వెలిన్ నుయెన్ విభేదించింది. 200 మందికి పైగా సంగీతకారులు కూడా అప్పటికే అదే భయం రాసిచ్చారు.

షీరన్ కేసు నాటికి గాలి మారింది. 2020 మార్చిలో లెడ్ జెపెలిన్ అనే రాక్ బృందం మీద నడిచిన కేసులో అదే అప్పీలు కోర్టు విస్తృత ధర్మాసనం రెండు మాటలు గట్టిగా చెప్పింది: 1909 చట్టం కింద దాఖలైన కాగితమే హద్దు. ఇక, అసలు పాట విని ఉండే అవకాశం ఎక్కువైతే తక్కువ పోలిక చాలనే పాత సూత్రం చెల్లదు.

షీరన్ మీద కేసు వేసింది గే పిల్లలు కాదు, టౌన్‌సెండ్ వారసులు. వాళ్లు ఎత్తిచూపింది కార్డుల వరసనూ, అవి తాళం కంటే ముందే పడే తీరునూ. మన స్వరాల్లో చెప్పాలంటే ‘లెట్స్ గెట్ ఇట్ ఆన్’ నాలుగు కార్డులు షడ్జమం, గాంధారం, మధ్యమం, పంచమం మీద కట్టినవి. షీరన్ పాటలో రెండో చోట బేస్ గాంధారం మీదే ఉన్నా, పైన మోగే కార్డు షడ్జమానిదే. చెవికి దాదాపు ఒకటే. కానీ ఈ నడక పాత సోల్, పాప్ పాటల్లో కోకొల్లలు. షీరన్ గిటారు పట్టుకుని సాక్షి బోనులోనే అవి వాయించి చూపాడు. గే రికార్డును గే రికార్డుగా చేసిన బేస్, డ్రమ్ములు దాఖలైన కాగితంలో లేవు. టౌన్‌సెండ్ వాటా కొంత కొన్న స్ట్రక్చర్డ్ అసెట్ సేల్స్ అనే సంస్థ విడిగా వేసిన కేసులో 2024 నవంబరు 1న న్యూయార్క్‌లోని అప్పీలు కోర్టు ఇదే చెప్పింది. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు విననని పక్కన పెట్టడంతో ఆ కేసు ముగిసింది.

మన చట్టంలో ఇదే మడత

తెలుగు పాఠకులకు రెండు హక్కుల తేడా 2017లో బాగా తగిలింది. ఇళయరాజా పాటల్ని అమెరికా కచేరీల్లో అనుమతి లేకుండా పాడవద్దని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు వచ్చినప్పుడు, పాడిన మనిషికి పాడే హక్కు లేదా అని చాలామంది ఆశ్చర్యపోయారు. రికార్డులో ఉన్నది ఆయన గొంతే. కాని బాణీ మీద హక్కు వేరే ఖాతా.

కాగితం పట్టింపు మనకూ ఉండేది. 1957 భారత కాపీరైట్ చట్టం సంగీత రచనను ‘అచ్చయిన లేదా రాతలో పెట్టిన’ బాణీగానే నిర్వచించింది. హార్మోనియం ముందు పెట్టుకుని పాడి వినిపించే పద్ధతిలో బాణీలు కట్టే దేశంలో అది ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు. 1994 సవరణ ఆ షరతు తీసేసింది. నోటేషన్ ఉంటే అదీ రచనలో భాగమే, లేకపోయినా రచనే. 2012 సవరణతో రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను ఒప్పందంలో వదులుకోలేకుండా కట్టుబాటు వచ్చింది.

ఇక ముందు

2015 తీర్పు పరిశ్రమలో మొదట భయం పుట్టించింది. ఆ ఏడాదే ‘అప్‌టౌన్ ఫంక్’ అనే హిట్ పాట రచయితల జాబితాలో గ్యాప్ బ్యాండ్ అనే పాత బృందం సభ్యుల పేర్లు చేరాయి. కోర్టుదాకా రాకముందే వాటా ఇచ్చేస్తే చవక అన్న లెక్క అది. పాట విడుదలకు ముందే సంగీత నిపుణులతో పోలికలు వెతికించడం మామూలైంది. 2020 తర్వాతి తీర్పులతో ఆ భయం కొంత తగ్గింది, ముఖ్యంగా 1978కి ముందు పాటల విషయంలో.

ఆ తేదీ తర్వాతి పాటలకు ఈ చిక్కు లేదు. 1976లో వచ్చిన కొత్త చట్టం 1978 జనవరి 1 నుంచి అమలైంది. దాని కింద రచనను నమోదు చేయడానికి కాగితమే కావాలని లేదు, రికార్డు దాఖలు చేసినా చాలు. గే పెద్ద హిట్లలో ఆ తేదీకి ఇవతల పడింది ఒక్కటే. వాద్యకారులు దొరకని ఊళ్లో, 16 మీటల పెట్టె ముందు కూర్చుని చేసిన ‘సెక్సువల్ హీలింగ్’.